ఏదైనా అడగొచ్చు

మలయ్ దేశంలోని క్లాంగ్‌లో చర్చి వెనకున్న హాలుకి మోహనప్రియ శనివారం శనివారం వచ్చి కూర్చుంటోందంటే, దానికీ భక్తికీ ఏ సంబంధమూ లేదు. హాల్లో ఏసీ ఉంది. ఇంట్లో అమ్మ ఉంది. అంతకు మించి కారణం వెతుకుతానంటే మీ ఓపిక.

ముందు బోర్డు దగ్గర నిలబడి చేతులు తిప్పుకుంటూ మాట్లాడేది ఆమె మొగుడు బాలశౌరి. గుంటూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచీ కథోలికులు. ఇంటికొక పిల్లాణ్ణి దేవుడి పనికి ఇవ్వడం ఆ ఊళ్ళో గొప్ప, వాళ్ళింట్లో ఆ వంతు ఇతనికి పడింది. సెమినరీలో ఏళ్ళ తరబడి తత్త్వశాస్త్రం చదివాడు, దైవశాస్త్రం సగం చదివాడు, ఇంకాస్త ఓపిక పడితే ఫాదర్ అయిపోయేవాడే. ఒక రోజు పెట్టె సర్దుకుని బయటికొచ్చేశాడు. కంప్యూటర్లు నేర్చుకున్నాడు. ఇప్పుడు పోర్ట్ క్లాంగ్‌లో ఏ కంటైనరు ఏ వరసలో దించాలో చెప్పే సాఫ్ట్‌వేరు రాసుకుంటూ బతుకుతున్నాడు. ఇతను సెమినరీని వదిలాడు గానీ ఆ చదువు మాత్రం ఇతన్ని వదల్లేదు.

ఆ సంగతి తెలిసిన ఫాదర్‌గారు పట్టుకుని శనివారాలు పాఠాలు చెప్పమన్నారు. మధ్యయుగాల క్రైస్తవ పండితులు బుద్ధితో దేవుణ్ణి ఎంతవరకు పట్టుకోగలిగారు, అక్కణ్ణుంచి ముందుకి ధ్యానంలో పడ్డవాళ్ళు ఏమన్నారు, ఈ ఇద్దరికీ ఉన్నది పొత్తా పేచీయా అన్నది పాఠం. చెప్పేది ఇంగ్లీషులో, మధ్యమధ్య తమిళంలో. వినడానికి రిటైరైన బడి మాస్టారు ఆరోగ్యసామి, బేకరీ నడిపే మిసెస్ లిమ్, ఇంకా కొందరు వస్తారు. వాళ్ళందరి వెనక, ఏసీకి ఎదురుగా, మోహనప్రియ. ఆమె హిందువు. ఆ హాల్లో నోటుబుక్కు లేకుండా వచ్చే మనిషి ఆమె ఒక్కతే.

ఆమెది ఇక్కడికి ఉత్తరాన సుంగై సిపుట్ అనే ఊరు. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో మలయ్, ఏదీ పూర్తిగా తనది కాదు, ఏదీ పరాయిదీ కాదు. పోర్ట్ క్లాంగ్‌లో ఎగుమతి సరుకుల ఆఫీసులో పనిచేసేది. ఒక రోజు అక్కడ కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చిన బాలశౌరి, ఆమె ఫోన్లో వాళ్ళమ్మతో "ఏటమ్మా, తిన్నావా నేదా" అనడం విని కుర్చీలో ఇటు తిరిగాడు. అలా తిరిగినవాడు మళ్ళీ అటు తిరగలేదు.

పెళ్ళి రెండుసార్లు అయింది. పొద్దున చర్చిలో, సాయంత్రం మారియమ్మ గుడి మంటపంలో. చర్చిలో అతను ఒక మాటిచ్చాడు, పుట్టబోయే పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించడానికి తన చేతనైనంతా చేస్తానని. కథోలికుడు బయటి పిల్లని చేసుకుంటే ఆ మాట ఇవ్వక తప్పదు. ఇంటికొచ్చాక ఆమెకీ ఒక మాటిచ్చాడు, నువ్వు సరేననకుండా మన పిల్లల నెత్తిన ఒక్క చుక్క నీళ్ళు పోయనని. రెండూ మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. రెండూ ఏదో ఒకనాడు కొట్టుకుంటాయని ఇద్దరికీ తెలుసు. కొత్త పెళ్ళివాళ్ళకి అదొక లెక్కా? అప్పటి సంగతి అప్పుడు చూసుకుందామనుకున్నారు.

ఆ 'అప్పుడు' రెండు నెలల కిందట వచ్చింది. నెలలు నిండాక మాయ ముందే ఊడిపోయింది. వంటింటి గచ్చు మీద రక్తం, అంబులెన్సు, ఆసుపత్రి. మత్తిచ్చి కోశారు. మోహనప్రియకి తెలివొచ్చేసరికి మర్నాడు. అప్పటికే ఆమె తండ్రి అప్పడూ, మొగుడూ కలిసి పాపని తీసుకెళ్ళి, హిందువుల శ్మశానంలో పసివాళ్ళని పెట్టే చోట పూడ్చి వచ్చేశారు. పొద్దు వాలకుండా చేసేయాలి, తల్లికి చూపించకూడదు అన్నది వాళ్ళమ్మ మరిడమ్మ. ఆ ఇంట్లో మరిడమ్మ మాటకి ఎదురు లేదు.

"కడుపులోనే పోయినాదే అమ్మా. ఆడగుంట," అని చెప్పింది మరిడమ్మ. వాళ్ళవైపు గుంట అంటే పిల్ల. మొగుడు మంచం పక్కన నిలబడి నేల చూశాడు. డాక్టర్లు కూడా ఏదో చెప్పినట్టే ఉన్నారు గానీ, మత్తు దిగని మనిషికి ఏం చెవికెక్కుతుంది? కాగితాలన్నీ అతనే చూసుకున్నాడు.

ఏడుపు వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అనుకుంది. రేపూ రాలేదు. తింటే రుచి తెలియదు, తినకపోతే ఆకలి తెలియదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు భోరుమని ఏడిస్తే వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, వీపు నిమిరింది. కుట్ల చుట్టూ చర్మం మొద్దుబారి, గిచ్చుకున్నా తెలియడం లేదు. మనిషి మొత్తం అలాగే అయిపోయింది. బాగానే ఉన్నావా అంటే బాగానే ఉన్నానంది. అబద్ధం చెబుతున్నానని కూడా ఆమెకి అనిపించలేదు.

"పేరెట్టని గుంటకి దినం కూడా ఉండదే," అంది మరిడమ్మ. "మల్లీ కడుపున పడతాది. ఒల్లకో, బెంగెట్టుకోకు."

సరే, వీళ్ళవైపు అంతే. అతనివైపైనా ఏమైనా జరిగిందా అంటే అదీ లేదు. జ్ఞానస్నానం లేని పిల్లని చర్చి భూమిలో పెట్టరని బాలశౌరి తనంతట తనే తేల్చేసుకున్నాడు. అది ఎప్పటి కట్టుబాటు? అతని పుస్తకాల నాటిది. ఫాదర్‌గారు తర్వాత విని నెత్తి పట్టుకున్నారు. "ఇప్పుడు అవన్నీ ఎవరు చూస్తున్నారయ్యా? ఒక్క మాట చెబితే నేనే వచ్చి ప్రార్థన చేసేవాణ్ణి కదా," అన్నారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట పోయిన పండితులందర్నీ సంప్రదించినవాడికి, రెండు వీధుల అవతలున్న ఫాదర్‌ని అడగాలని తోచలేదు. చదువుకున్నవాడి తెలివి అలా ఏడ్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో మోహనప్రియ ఒకే ఒక్కటి అడిగింది. "గుంట ఇప్పుడెక్కడుంటాది?"

అతని మొహంలోకి ప్రాణం వచ్చింది. తెలిసిన ప్రశ్న మరి. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. స్వర్గం కాదు, నరకం కాదు, రెంటికీ అంచున ఒక చోటుందని ఆ కాలపు పండితులు అన్నారు. దాని పేరే అంచు. జ్ఞానస్నానం అందకుండా పోయిన పసివాళ్ళు అక్కడుంటారు. వాళ్ళు దేవుణ్ణి చూడలేరు. కానీ చూడటమంటే ఏమిటో తెలియదు గనక, చూడలేకపోతున్నామన్న దిగులూ ఉండదు. ఎన్నడూ తినని పండు కోసం ఎవరికైనా నోరూరుతుందా? ఇప్పుడు చర్చి కూడా ఆ అంచుని పట్టుకుని వేలాడడం లేదు, దేవుడి దయకి వదిలేసింది. ఏదెలా ఉన్నా ఒకటి మాత్రం ఖాయం.

"బాధ లేదు ప్రియా. లోటు లేదు. భయం లేదు."

"సరే," అంది ఆమె.

అప్పట్నుంచి ఆమె కాస్త ఎక్కువసేపు గోడకేసి చూస్తే చాలు, అతను వచ్చి అదే మాట చెప్పేవాడు. బాధ లేదు, లోటు లేదు, భయం లేదు. ఆమె తల ఊపేది. అతను లేచి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ, తలుపు తెరిచే ఉన్న రెండు గదుల్లో, ఎవరి కొయ్యతనం వాళ్ళది.

కిందటి శనివారం పాఠంలో మాత్రం అతను బాగా ఊపుమీదున్నాడు. "దేవుడు రాయి కాదు," అన్నాడు. "ఇది ఎవరైనా ఒప్పుకుంటారు. వెలుగు కాదు. ఇది ఒప్పుకోవడం కొంచెం కష్టం. మంచివాడు కూడా కాదు, మనకి తెలిసిన మంచితనం ఆయనకి చాలదు కాబట్టి. తత్త్వశాస్త్రం చేసే పని ఇదే. ఒక్కో మాటా తీసి చూస్తుంది, చాలదని పక్కన పెడుతుంది. అన్నీ పక్కన పెట్టాక బుద్ధి చేతిలో ఏమీ మిగలదు. పండితుడు అక్కడ ఆగిపోతాడు. ధ్యానంలో ఉన్నవాడు ఆగడు, అక్కణ్ణుంచి ప్రేమతో నడుస్తాడు. కళ్ళకి ఏమీ కనపడదు, అయినా నడుస్తాడు. గుమ్మం దాకా బుద్ధి తోడొస్తుంది, లోపలికెళ్ళేది ప్రేమ. అందుకని ఇద్దరికీ పేచీ లేదు. ఒకరు లేనిదే ఇంకొకరికి దారి తెలియదు."

ఆరోగ్యసామి ఊరుకునే రకం కాదు. "కాదు కాదు అంటూ పోతే చివరికి ఏముంటుంది టీచర్? దేవుడే లేడనేవాడు కూడా ఇదే కదా అనేది?"

"మాట ఒకటే సార్. వాడికి దేవుడు అక్కర్లేదు. వీడికి ఆయన తప్ప ఏమీ అక్కర్లేదు. కాదన్న ప్రతిసారీ వీడికి కడుపు కాలుతుంది."

అందరూ రాసుకున్నారు. మోహనప్రియకి ఏదో ఇబ్బందిగా అనిపించింది. ఈ గొంతు, ఈ వరస తను ఎక్కడో విన్నదే. ఎక్కడో ఏమిటి, ఇంట్లోనే. దేవుడి గురించి ఎలా చెబుతున్నాడో పాప గురించీ అలాగే చెప్పాడు. అన్నీ 'లేదు'లే. తొమ్మిది నెలలు మోసిన పిల్ల గురించి ఆమెకి తెలిసినవల్లా ఆ మూడు లేదులు. ఉన్నది ఒక్కటీ తెలియదు. జుట్టు ఉందా, తెలియదు. ఎవరి పోలిక, తెలియదు. చేతుల్లోకి తీసుకున్నవాడు ఇతను, మట్టి కప్పినవాడు ఇతను, వచ్చి ఆమెకి చెప్పింది మాత్రం లేనివాటి సంగతి.

కారులో ఇంటికెళుతుంటే అడిగింది. "గుంట ఎలాగుండీది?"

"ప్రశాంతంగా ఉంది ప్రియా. దానికి ఏ బాధా లేదు," అన్నాడు, ముందున్న లారీని చూస్తూ. ఆమె మళ్ళీ అడగలేదు.

ఈ శుక్రవారం మరిడమ్మ సంచులు సర్దడం మొదలుపెట్టింది. ఆదివారం రైలుకి కూతుర్ని సుంగై సిపుట్ తీసుకెళ్ళిపోవాలని ఆవిడ తీర్మానం. కొన్నాళ్ళుండి రావడానికి అని పైకి చెబుతోంది గానీ, కూతురి చీరలన్నీ సంచుల్లోకి వెళ్ళిపోతున్నాయి.

"ఆడు మంచోడే, నాను కాదన్ను," అంది మరిడమ్మ మడతలు పెడుతూ. "మంచోడితో ఏటి సేసుకుంటావు, నీతో మాటాడనప్పుడు? మనూరొచ్చీ. నలుగురూ ఉంటారు."

"ఎల్దాం," అంది మోహనప్రియ.

వెళితే తిరిగిరానని ఆమెకి తెలుసు. పోట్లాడి కాదు, కోపమొచ్చీ కాదు. ఇక్కడ ఉండటానికి కారణం ఏదో ఒకటి ఉండేది, అదేమిటో గుర్తు రావడం లేదు, అంతే. అన్నం దగ్గర మొగుడికి చెప్పింది. వద్దంటాడేమోనని చూసింది. "నీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యి," అన్నాడతను, పళ్ళెంలోకి చూస్తూ. ఎంత గౌరవం! ఆ గౌరవం పాడుగాను, ఒక్కసారి చెయ్యి పట్టుకుని ఆపినా ఆమె ఉండిపోయేది.

చేతులు కడుక్కుంటూ ఆమె ఒకటి నిర్ణయించుకుంది. రేపు ఆఖరి పాఠం. రేపు అడుగుతుంది. పాప గురించి ఉన్నది ఒక్క ముక్క చెప్పాడా, ఉంటుంది. చెప్పలేదా, ఆదివారం రైలు ఎక్కేస్తుంది.

రేపే ఎందుకంటే, రేపు అతను తప్పించుకోవడానికి లేదు. ఆ కాలపు విశ్వవిద్యాలయాల్లో ఒక ఆనవాయితీ ఉండేదట. క్రిస్మస్ ముందొకసారి, ఈస్టర్ ముందొకసారి గురువు సభలో కూర్చునేవాడు. ఎవరైనా సరే, ఏ విషయమైనా సరే, లేచి అడగొచ్చు. నాకు తెలియదు, రేపు రండి, ఇది మన పాఠంలో లేదు అనే సాకులు కుదరవు. పెద్ద పెద్ద గురువులే ఆ రోజు వస్తోందంటే మొహం చాటేసేవారట. ఆఖరి శనివారం అలాంటి సభ పెడతానని బాలశౌరి ముందే ప్రకటించాడు. దానికి తనే ఇంకో నియమం చేర్చాడు. జవాబు చెప్పేముందు అడిగినవాళ్ళ ప్రశ్నని తను తిరిగి చెప్పాలి. అడిగినవాళ్ళు 'అదే' అంటేనే జవాబు మొదలుపెట్టాలి. ప్రశ్న అర్థం కాకుండా జవాబిచ్చేవాడు సగం దొంగ అని క్లాసులో నవ్వుతూ అన్నాడు కూడా.

శనివారం హాలు నిండింది. మొదట మిసెస్ లిమ్ లేచింది. శుక్రవారం మాంసం మానేసి, బకుట్ తేలో ముక్కలు తీసేసి పులుసు మాత్రం తాగితే ఉపవాసం చెడుతుందా అని అడిగింది. పంది ఎముకల పులుసు మీద పెరిగిన క్లాంగ్ వాళ్ళకి ఇదేమీ చిన్న ప్రశ్న కాదు. బాలశౌరి ప్రశ్నని తిరిగి చెప్పాడు, ఆవిడ 'అదే' అంది, అతను అటు వాదం ఇటు వాదం చెప్పి, చెడుతుందని తేల్చాడు. ఆవిడ మొహం మాడిపోయింది. చచ్చిపోయిన తన కుక్క సంగతేమిటని ఆరోగ్యసామి అడిగాడు. దానికీ ఏదో ఒక ఆశ చూపించాడు. అందరూ నవ్వారు, బాలశౌరి కూడా కొంచెం నవ్వాడు.

అప్పుడు వెనక వరసలో మోహనప్రియ లేచి నిలబడింది. ఆమె తెలుగులో అడిగింది. ఆ హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరే.

"మన గుంట గురించి అడుగుతాను. బాధ నేదన్నావు. లోటు నేదన్నావు. బయం నేదన్నావు. మరి ఏటుంది?"

హాల్లో తలలు ఇటు తిరిగాయి, మళ్ళీ అటు తిరిగాయి. చదువు అలవాటు బాలశౌరిని ఆదుకుంది.

"జ్ఞానస్నానం అందని పసిపిల్ల ఆత్మకి ఎలాంటి సుఖం ఉంటుందని అడుగుతున్నావు," అన్నాడు తెలుగులోనే.

"కాదు."

"దేవుణ్ణి చూడని సుఖం అసలు సుఖమేనా అని."

"దేవుడి గురించి కాదు. నీ దేవుడు రాయి కాదు, ఎలుగు కాదు, ఏదీ కాదంటే నాకు పరవానేదు. ఆయన పెద్దోడు, తట్టుకుంటాడు. నాను అడిగేది గుంట గురించి."

అతను మార్కరు బల్ల మీద పెట్టాడు. బోర్డు వైపు తిరిగి రాసుకున్నదంతా చెరిపాడు. ఇటు తిరిగినప్పుడు గొంతు టీచరుది కాదు.

"పాప ఎలా ఉందో నీకెవరూ చెప్పలేదు. చూసింది నేను. చూసింది చెప్పకుండా, లేనివన్నీ ఏరి చెప్పాను. ఉన్నది చెప్పమంటున్నావు."

"అదే," అంది మోహనప్రియ.

ఇక అతను జవాబు చెప్పాలి. నియమం అతను పెట్టిందే.

"జుట్టు ఉంది," అన్నాడు. "నల్లగా. తడిసి నుదురుకి అంటుకుని ఉంది."

"ఇంకా."

"ఎడమ చెవి పైన చిన్న మడత ఉంది. అత్తమ్మ చెవికి ఉన్నట్టే. గోళ్ళు పెరిగి ఉన్నాయి. బుగ్గ మీద ఒక గీత. తన గోరే గీసుకుంది."

"ఇంకా."

"వేడిగా ఉంది. చేతుల్లో బాగా వేడిగా ఉంది."

"ఇంకా."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "ఊపిరి ఉంది," అన్నాడు.

మోహనప్రియకి ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి వెళ్ళడానికి కాస్త సమయం పట్టింది. "కడుపులోనే పోయినాదన్నారు," అంది.

"అలా చెబుదామని అత్తమ్మ అంది. బతికి పోయిందంటే నువ్వు తట్టుకోలేవంది. నేను సరేనన్నాను. నేను సరేననడానికి నా కారణం వేరే ఉంది." అతను తన చేతివేళ్ళు చూసుకున్నాడు. "నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎక్కువసేపు ఉండదంది. అలాంటప్పుడు ఫాదర్ కోసం ఆగక్కర్లేదు ప్రియా, ఎవరైనా సరే నీళ్ళు పోసి జ్ఞానస్నానపు మాటలు అనొచ్చు. నాకు తెలుసు. పక్కన మంచినీళ్ళ సీసా ఉంది. మూత తీశాను. అప్పుడు నీకిచ్చిన మాట గుర్తొచ్చింది. నువ్వు లోపల మత్తులో ఉన్నావు. తల్లి ఇష్టం తెలుసుకోకుండా పిల్లకి పోయడం న్యాయం కాదని ఆ పండితులే రాశారు. చావు ముంచుకొస్తే వేరే సంగతని కూడా రాశారు. అటు వాదం, ఇటు వాదం. నేను ఆలోచించాను. సీసా పట్టుకుని నిలబడి ఆలోచించాను. అది తెగలేదు. ఈలోపు పాప..."

"ఎంతసేపు ఉంది?"

"రెండు మూడు పరలోక జపాలు చెప్పుకునేంతసేపు."

"ఏడిసినాదా?"

"లేదు. నోరు తెరిచింది. నా వేలు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది." అతను కుర్చీలో కూలబడ్డాడు. "ఆ అంచుకి దాన్ని పంపింది నేనే. అక్కడ బాధ లేదని రోజూ నీకు చెప్పింది నీకోసం కాదు. అక్కడ బాధ ఉందంటే నేను బతకలేను."

మోహనప్రియ కుర్చీల మధ్య నుంచి ముందుకి నడిచి అతని ఎదురుగా నిలబడింది. రెండు నెలలుగా ఆమె ఎదురుచూసినది అప్పుడు వచ్చింది. ఏడుపు కాదు, నొప్పి. పొత్తికడుపులో మొదలై గొంతు దాకా, కత్తి పెట్టి కోసినంత నొప్పి. దాంతోపాటే కోపం, అమ్మ మీద, ఇతని మీద, సీసా మూత తీసి నిలబడ్డ ఆ చదువంతటి మీద. తనని అంత గౌరవించి, తన కోసం తన పిల్లని వట్టి చేతులతో పంపినవాడు. కొట్టాలనిపించింది. పట్టుకోవాలనిపించింది. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి అనిపించింది.

"నన్ను అడిగుంటే పొయ్యమనీదాన్ని," అంది.

అతను తలెత్తాడు.

"పొయ్యమనీదాన్నే. నీ నీళ్ళో, మా గుడి నీళ్ళో, ఏవైతే ఏటి? ఎల్లిపోయే గుంటకి నీ సేత్తో ఏదో ఒకటి పొయ్యమనీదాన్ని."

బాలశౌరి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అతను ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె చేతిని అతని తల మీద వేసింది, వేసిన చేతిని తీయలేదు. ఆమె కళ్ళలోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలన్న ధ్యాస లేదు.

ఆరోగ్యసామి గొంతు సవరించుకున్నాడు. వాళ్ళ బిడ్డ పుట్టకముందే పోయిందని ఆ హాల్లో అందరికీ తెలుసు, ఇప్పుడు ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ తెలియదు. "అమ్మా," అన్నాడు తమిళంలో, మెల్లగా. "ప్రశ్న ఏంటో మాకు అర్థం కాలేదు. జవాబూ అర్థం కాలేదు. చెప్పకూడనిదైతే వద్దులే."

మోహనప్రియ హాలు వైపు తిరిగింది. అందరికీ తెలిసిన మలయ్‌లో, ఆఖరి వరసకి కూడా వినపడేలా చెప్పింది.

"మాకు ఆడపిల్ల పుట్టింది. జుట్టు నల్లగా ఉంది. చెవి మా అమ్మ చెవి. కాసేపు బతికింది. వాళ్ళ నాన్న వేలు పట్టుకుంది."

మిసెస్ లిమ్ లేచింది. పిల్ల పుట్టిందని చెబితే ఎవరైనా ముందు అడిగేదేదో అదే అడిగింది.

"పేరేం పెట్టారు?"

మోహనప్రియ మొగుడి వైపు చూసింది. అతను ఆమె వైపు చూశాడు.

"ఇంకా పెట్టలేదు," అంది మోహనప్రియ. "ఇద్దరం కూర్చుని అనుకోవాలి."